పాత ఎక్స్‌కవేటర్‌ని కంప్యూటర్‌తో ఆడించాలంటే: లివర్లు పీకకండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ: మూడు టన్నుల పాత ఎక్స్‌కవేటర్ ఒకటి ఉంది. డీజిల్ ఇంజను, నాలుగు కదలికలు, నాలుగు లివర్లు. బకెట్ తీసేసి ఆ చివర ఇనుప రేకులతో చేసిన పెద్ద తల బిగించారు. 20 నిమిషాల ప్రదర్శనలో సంగీతాన్ని బట్టి ఆ తల తనంతట తనే కదలాలి. అందుకోసం లివర్లు పీకేసి, ఆన్-ఆఫ్ సోలినాయిడ్ వాల్వులు (కరెంటు ఇస్తే పూర్తిగా తెరుచుకునో మూసుకునో ఉండేవి) పెట్టి, రిలే బోర్డుతో (కరెంటుతో పనిచేసే స్విచ్చుల పలకతో) ల్యాప్‌టాప్‌కి కలిపి, వై-ఫై మీద నడపాలనుకుంటున్నారు. ఇది పనిచేస్తుందా అని అడిగారు.

కదలడం కదులుతుంది. కానీ మీరు కోరుకున్నట్టు కదలదు, ఆపాలనుకున్నప్పుడు ఆగదు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి యంత్రాలకి కంట్రోల్ కడుతున్నాను. ఎక్కువమంది మొదట చేసే పొరపాటు ఒకటే: మనిషిని తీసేసి ఆ సీట్లో కంప్యూటర్‌ని కూర్చోబెట్టడం. కంప్యూటర్‌ని మనిషి పక్కన కూర్చోబెట్టాలి. అది ఆపరేటర్ చేతిని గుర్తుపెట్టుకోవాలి, యంత్రం గీత దాటబోతే వెనక్కి లాగాలి. ఈ రెండు పనులూ బాగా చేస్తే చాలు, మీ ప్రదర్శన నిలబడుతుంది.

ముందు లివర్ల సంగతి. వాటిని ఉంచండి. లివర్ అలాగే ఉండి, స్పూల్ (వాల్వు లోపల జరుగుతూ ఆయిల్ దారి తెరిచే కడ్డీ) రెండో చివర దాన్ని కరెంటుతో కదిపే ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ తగిలించుకోగల సెక్షనల్ ప్రొపోర్షనల్ వాల్వులు దొరుకుతాయి. క్రేన్లలో, అడవిలో దుంగలెత్తే యంత్రాల్లో అవే వాడతారు. వాటిలో కంప్యూటర్ ఏం చెప్పినా, మనిషి చెయ్యి లివర్ మీద పడితే చెయ్యే గెలుస్తుంది. రిహార్సల్‌లో తల ఏదో స్తంభానికి తగలబోతుంటే లివర్ పట్టుకుని వెనక్కి లాగడానికి అర సెకను చాలు. అదే కీబోర్డులో మీట వెతకాలంటే ఆ అర సెకను సరిపోదు.

ఆన్-ఆఫ్ వాల్వులు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. 80 మి.మీ. బోర్ సిలిండర్‌లో 200 బార్ ప్రెషర్ ఉంటే దాని తోపుడు బలం సుమారు 10 టన్నులు. ఆన్-ఆఫ్ వాల్వు ఆ బలాన్ని ఒక్క క్షణంలో వదులుతుంది, ఒక్క క్షణంలో మూసేస్తుంది. చేయి అదురుతుంది, పిన్నులు అరుగుతాయి, హోస్ పైపుల్లో ప్రెషర్ దెబ్బలు పడతాయి. చూసేవాళ్లకి ప్రాణమున్న జీవి కనిపించదు, చెడిపోయిన గేటు కనిపిస్తుంది. ప్రొపోర్షనల్ వాల్వు అయితే కొంచెం తెరవమంటే కొంచెమే తెరుస్తుంది. ఖర్చు ఎక్కువే, కానీ మీ ప్రాజెక్టులో డబ్బు పెట్టాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది ఇదే.

ప్రొపోర్షనల్ వాల్వుతో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. ఒక ప్రదర్శన కోసం పొడవాటి చేయి ఉన్న యంత్రానికి కంట్రోల్ కట్టాం. పొద్దున రిహార్సల్‌లో చేయి చక్కగా వంగి, నేలకి జానెడు ఎత్తులో ఆగేది. సాయంత్రానికి అదే ప్రోగ్రాముతో నెమ్మదించి, అనుకున్న చోటుకి మూరెడు ముందే ఆగిపోయేది. రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికాం. మూడో రోజు సాయంత్రం వాల్వు కాయిల్ మీద వేలు పెట్టి చూశాను, రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. రాగి తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలు వేడెక్కితే రెసిస్టెన్స్ నాలుగో వంతుకు దగ్గరగా పెరిగినట్టే. మేం వోల్టేజీ స్థిరంగా ఇస్తున్నాం కాబట్టి కరెంటు దాదాపు ఐదో వంతు పడిపోయింది. స్పూల్‌ని కదిపేది వోల్టేజీ కాదు, కరెంటు. ఆ రాత్రే వాల్వుకి కరెంటు ఇచ్చే సర్క్యూట్, అంటే డ్రైవర్ మార్చి, కరెంటుని కొలుస్తూ సరిచేసే రకం పెట్టాం. మర్నాడు పొద్దున ఎలా వంగిందో సాయంత్రమూ అలాగే వంగింది.

కాబట్టి వాల్వు డ్రైవర్ కొనేటప్పుడు కరెంట్ కంట్రోల్ ఉందా, డిథర్ సర్దుకునే వీలుందా అని చూడండి. డిథర్ అంటే స్పూల్‌ని సన్నగా వణికిస్తూ ఉంచడం. అది లేకపోతే స్పూల్ ఒకచోట అతుక్కుని, ఒక్కసారిగా జారుతుంది. ప్రతి వాల్వుకీ మధ్యలో ఏ కదలికా లేని చచ్చు భాగం కొంత ఉంటుంది. ఎంత కరెంటు దగ్గర సిలిండర్ మొదట కదులుతుందో రెండు దిక్కులా కొలిచి రాసుకోండి, ప్రోగ్రాములో ఆ భాగాన్ని దూకేయండి. ఇది చేయకపోతే నెమ్మదైన కదలికలు ఎప్పటికీ రావు. మీ ప్రదర్శనకి ప్రాణం పోసేవి ఆ నెమ్మదైన కదలికలే. ఆయిల్ కూడా చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఒకలా ప్రవహిస్తుంది. ప్రేక్షకులు రాకముందే యంత్రాన్ని కొంతసేపు ఆడించి వేడెక్కించండి.

ఇక ఆపడం గురించి. అందరూ ఎర్ర బటన్ ఒకటి పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ బటన్ ఏం చేయాలో ఆలోచించండి. అది కంప్యూటర్‌కి సందేశం పంపకూడదు. వైరు ద్వారా నేరుగా సేఫ్టీ రిలేని పడగొట్టాలి. ఆ రిలే వాల్వులకి వెళ్లే కరెంటు తెంచాలి, పంపు నుంచి వచ్చే ఆయిల్‌ని ట్యాంకులోకి మళ్లించే డంప్ వాల్వుని వదిలేయాలి. ఆ డంప్ వాల్వు కరెంటు ఉంటేనే మూసుకునే రకం అయి ఉండాలి. వైరు తెగినా, బ్యాటరీ చచ్చిపోయినా అది తెరుచుకుని ప్రెషర్ దిగిపోవాలి. ఇంజను ఆపినంత మాత్రాన యంత్రం ఆగిపోయినట్టు కాదు. ఎత్తి ఉన్న చేయి బరువుకే కిందకి దిగుతుంది. హోస్ పగిలితే దబ్బున పడుతుంది. అందుకని బరువు మోసే ప్రతి సిలిండర్ మీద, హోస్‌కి అవతల, సిలిండర్‌కే బిగించిన లోడ్ హోల్డింగ్ వాల్వు (ఆయిల్‌ని లోపలే బంధించి బరువుని నిలిపేది) ఉండాలి. ఎక్కడైనా అక్యుములేటర్ (ప్రెషర్‌తో ఆయిల్ నిలవచేసే పాత్ర) పెడితే, ఇంజను ఆగాక కూడా అందులో ప్రెషర్ నిలవుంటుందని మరవకండి. ఆపగానే అది ఖాళీ అయ్యే దారి ఉండాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. యంత్రాల విద్యుత్ భద్రతకి సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణంలో ఆపడాన్ని వర్గాలుగా విడదీశారు. సున్నా వర్గం అంటే వెంటనే శక్తి తెంచేయడం. ఒకటో వర్గం అంటే ముందు అదుపులో ఉంచుతూ ఆపి, ఆ తర్వాత శక్తి తెంచడం. పొడవాటి చేయి వేగంగా తిరుగుతున్నప్పుడు ఒక్కసారిగా ఆపితే, ఆ ఊపుకి మొత్తం యంత్రమే వాలిపోవచ్చు. ఆ ఇనుప తల బరువు ఎంతో మీరు రాయలేదు, కానీ అసలు బకెట్ కంటే ఎక్కువైతే ఈ ప్రమాదం నిజంగా ఉంది. అలాంటప్పుడు బటన్ నొక్కగానే కంట్రోలర్ అర సెకనులో వేగం తగ్గించడం, ఆ అర సెకను కాగానే ఆలస్య కాంటాక్టులున్న సేఫ్టీ రిలే అన్నిటినీ తెంచేయడం మంచి పద్ధతి. కంట్రోలర్ సరిగ్గా పనిచేసినా చేయకపోయినా రెండోది జరిగి తీరాలి.

కంట్రోల్‌ని రెండు అంతస్తులుగా కట్టండి. కింది అంతస్తు యంత్రం మీదే ఉండే చిన్న కంట్రోలర్. పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలు నడిపే చిన్న కంప్యూటర్) అయినా పర్వాలేదు, ట్రాక్టర్లలో వాడే మొబైల్ కంట్రోలర్ అయితే అదురుకీ దుమ్ముకీ ఇంకా బాగా తట్టుకుంటుంది. సిలిండర్ల హద్దులు, గరిష్ఠ వేగం, వేగం పెరిగే తీరు అన్నీ ఇక్కడే ఉండాలి. పై అంతస్తులో మీ ల్యాప్‌టాప్, సంగీతం, సీక్వెన్స్. ల్యాప్‌టాప్ అడగగలదు, అంతే. ఇవ్వాలో వద్దో కింది కంట్రోలర్ నిర్ణయిస్తుంది. ల్యాప్‌టాప్ అర్ధం లేని అంకె పంపినా, చేయి హద్దు దగ్గరే ఆగాలి.

ఈ రెంటి మధ్య గుండె చప్పుడు లాంటి సిగ్నల్ నడవాలి. ల్యాప్‌టాప్ సెకనుకి 20 సార్లు ఒక అంకెని ఒక్కోటి పెంచుతూ పంపుతుంది. ఆ అంకె 200 మిల్లీసెకన్ల పాటు మారకపోతే కంట్రోలర్ చేయిని మెల్లగా ఆపేస్తుంది. ఇంతవరకు చాలామంది చేస్తారు. కానీ ఆ అంకెని పెంచే కోడ్ ఎక్కడుందో చూడండి. విడిగా ఒక థ్రెడ్‌లో (పక్కన వేరేగా నడిచే కోడ్‌లో) పెడితే, కదలికలు లెక్కగట్టే భాగం గడ్డకట్టిపోయినా గుండె మాత్రం హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది. లెక్క చేసే లూప్ చిట్టచివరి వాక్యంలోనే ఆ అంకె పెరగాలి. సిగ్నల్ మళ్లీ వచ్చిందని యంత్రం తనంతట తనే తిరిగి కదలకూడదు. ఒక మనిషి వచ్చి, చుట్టూ చూసి, రీసెట్ నొక్కాకే కదలాలి. రాత్రి పదింటికి అలసిపోయి ఉన్నప్పుడు "ఆటోమేటిక్‌గా రీసెట్ అయితే ఎంత సులువో" అనిపిస్తుంది. ఆ కోరికకి లొంగకండి.

వై-ఫై మాట. ఖాళీ మైదానంలో రిహార్సల్ చేసినప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది. ప్రదర్శన రోజు వందల మంది వస్తారు, ప్రతి ఒక్కరి జేబులో ఒక ఫోను. మీ సిగ్నల్ ఆ గోలలో మునిగిపోతుంది. యంత్రం ఒకచోటే నిలబడి ఆడేదైతే కేబుల్ వేయండి: మెలితిప్పిన జత తీగలు, రెండు చివరలా 120 ఓమ్ రెసిస్టర్ (టెర్మినేషన్), వాటి మీద ఆర్‌ఎస్-485 లేదా క్యాన్ బస్ అనే సిగ్నల్ పద్ధతి. యంత్రం పై భాగం తిరుగుతుంది కాబట్టి స్లిప్ రింగ్ (తిరుగుతున్నా కరెంటు తెగకుండా అందించే కీలు) కావాలనుకోకండి, మీ ప్రదర్శనలో పూర్తి చుట్టు తిరగకపోతే కేబుల్‌కి వదులు ఇచ్చి కడితే చాలు. రేడియో తప్పనిసరి అయితే పరిశ్రమల్లో క్రేన్లకి వాడే రిమోట్ తీసుకోండి. బొమ్మ విమానాల రిసీవర్లు వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: వాటిలో కొన్ని సిగ్నల్ పోతే చివరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. "ఎడమకి తిరుగు" అని చెప్పిన క్షణంలో సిగ్నల్ పోతే, అది ఎడమకి తిరుగుతూనే ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ ఆపేసి ఏమవుతుందో మీ కళ్లతో చూడకుండా ఏ రిసీవర్‌నీ నమ్మకండి. స్టేజీ లైట్లకి వాడే డీఎంఎక్స్‌తో వాల్వులు నడపాలన్న ఆలోచన కూడా వదిలేయండి. అందులో తప్పు పట్టుకునే ఏర్పాటు తప్పనిసరి కాదు. మనుషులకి ప్రమాదం కలిగించే వాటికి దాన్ని వాడొద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. మంటకైనా, బరువులకైనా అదే మాట.

ఎలక్ట్రికల్ విషయాలు మూడు త్వరగా చెప్తాను. ఇంజను స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారి పడిపోయి కంట్రోలర్ రీసెట్ అవుతుంది. దానికి విడి బ్యాటరీ ఇవ్వండి. రీసెట్ అయిన ఆ క్షణంలో అవుట్‌పుట్ పిన్నులు ఎటూ కాకుండా తేలుతుంటాయి, వాటిని సున్నా దగ్గర పట్టి ఉంచే పుల్-డౌన్ రెసిస్టర్లు పెట్టకపోతే వాల్వు ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆన్-ఆఫ్ కాయిల్ మీద మామూలు డయోడ్ పెడితే స్పార్కు ఆగుతుంది కానీ కాయిల్‌లో కరెంటు నెమ్మదిగా తగ్గి వాల్వు ఆలస్యంగా వదులుతుంది. డంప్ వాల్వు మీద ఆ ఆలస్యం వద్దు, జీనర్ కలిపిన సప్రెసర్ వాడండి. సెన్సర్లు 4-20 మిల్లీఆంప్ రకం తీసుకోండి. సున్నా వచ్చిందంటే వైరు తెగిందని కంట్రోలర్‌కి తెలుస్తుంది. సున్నా వోల్టుల నుంచి మొదలయ్యే రకం అయితే, వైరు తెగినా చేయి మొదట్లో ఉందనుకుని పొరపాటు పడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం: కదలిక.

1970లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ కంపెనీ ప్రదర్శనశాల ఇవోలువాన్‌లో ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ అనే శిల్పి సెన్‌స్టర్ అనే హైడ్రాలిక్ శిల్పాన్ని నిలబెట్టారు. దాన్ని కంప్యూటరే నడిపేది. తల దగ్గర మైక్రోఫోన్లు, కదలికని పసిగట్టే రాడార్లు ఉండేవి. మెల్లగా మాట్లాడితే తల దగ్గరికి వచ్చేది, గట్టిగా అరిస్తే వెనక్కి జంకేది. వచ్చినవాళ్లు దాన్ని జీవిలాగే చూశారు. నియమాలు చాలా తక్కువ, మెమరీ చాలా తక్కువ. అయినా అది బతికినట్టు కనిపించడానికి పెద్ద కారణం, వేగం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేలా ఆయన ప్రత్యేకంగా సర్క్యూట్ కట్టుకోవడం. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంతకు మించిన పాఠం లేదు. తెలివి కంటే ముందు కదలిక తీరు కుదరాలి.

ఇంకోవైపు చూడండి. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో 2007 నుంచి నడుస్తున్న 12 మీటర్ల ఎత్తు ఏనుగుని మనుషులే నడుపుతారు. 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో మార్క్ పౌలిన్ మొదలుపెట్టిన సర్వైవల్ రీసెర్చ్ లేబొరేటరీస్ యంత్రాల్లో ఎక్కువ భాగం వెనక రిమోట్ పట్టుకున్న ఆపరేటర్ ఉంటాడు. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా మనిషి చేతిని వదలలేదు. అదే పౌలిన్ 1982లో రాకెట్ మోటారుతో పనిచేస్తుండగా పేలుడులో చేతివేళ్లు పోగొట్టుకున్నారు. అది ప్రదర్శన మధ్యలో జరిగింది కాదు. పని చేసుకునే రోజుల్లో కూడా ప్రదర్శన రోజున్నంత జాగ్రత్త ఉండాలని మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ ఈ సంగతి చెప్తాను.

కదలికల్ని స్క్రీన్ మీద గీతలు గీసి తయారు చేయకండి. మంచి ఆపరేటర్‌ని కూర్చోబెట్టి, సంగీతం పెట్టి, ఆయన చేతినే రికార్డు చేయండి. లివర్ ఎంత వంచారన్నది కాదు, సిలిండర్ ఎక్కడుందన్నది రికార్డు చేయాలి. లివర్‌ని రికార్డు చేస్తే చల్లని ఆయిల్‌తో ఒక చోటుకి, వేడి ఆయిల్‌తో ఇంకో చోటుకి పోతుంది. స్థానాన్ని రికార్డు చేస్తే కంట్రోలర్ సరిదిద్దుకుంటుంది. సెకనుకి 50 సార్లు చాలు. తిరిగి ఆడించేటప్పుడు ఆ స్థానాల నుంచి వేగం లెక్కగట్టి వాల్వుకి నేరుగా ఇవ్వండి, తేడా వచ్చిన మేరకే కొద్దిగా సరిచేయండి. మొత్తం భారం పీఐడీ (తేడా చూసి సరిదిద్దే లెక్క) మీద వేస్తే చేయి వెనకబడి, తర్వాత పరిగెత్తి, చివర వణుకుతుంది.

చివరి వణుకు గురించి ఒక చిట్కా. చేయి చాచి, కొంచెం కదిపి ఆపి, ఊగడం చూడండి. పది ఊపులకి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. 14 సెకన్లు పట్టిందనుకుందాం, అంటే ఒక ఊపుకి 1.4 సెకన్లు. ఇక ఆపేటప్పుడు వేగాన్ని ఒకేసారి సున్నా చేయకుండా ముందు సగానికి తగ్గించండి, 0.7 సెకన్లు ఆగి మిగతా సగం తగ్గించండి. మొదటి సగం లేపిన ఊపుని రెండో సగం చంపేస్తుంది. బయల్దేరేటప్పుడు కూడా అంతే. మొదటిసారి ఇది చేసి చూసినప్పుడు మా దగ్గర ఆ ఇనుప చేయి గాల్లో ఆగి కదలకుండా నిలబడింది. ఇంజను శబ్దం తప్ప ఎవరూ నోరు మెదపలేదు. చేయి ఎంత చాచారన్న దాన్ని బట్టి ఊపు సమయం మారుతుంది కాబట్టి మూడు నాలుగు భంగిమల్లో కొలుచుకోండి.

రెండు మాటలు మనుషుల గురించి. ఆపే బటన్ పట్టుకున్న మనిషికి ఇంకే పనీ ఇవ్వకండి. ఫోటోలు తీయడం, సంగీతం చూడడం, స్క్రీన్ చూడడం ఏదీ వద్దు. కళ్లు యంత్రం మీదే ఉండాలి. హోస్ నుంచి ఆయిల్ చిమ్ముతున్నట్టు అనుమానం వస్తే చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు, కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఆసుపత్రిలో "హై ప్రెషర్ ఆయిల్ లోపలికి వెళ్లింది" అని అదే మాటల్లో చెప్పండి.

మీరు ఇప్పుడు ఏం చేయాలంటే: వాల్వులు కొనకండి. నాలుగు కదలికలకీ స్థానం కొలిచే సెన్సర్లు బిగించండి. సిలిండర్లకి తీగ లాగే రకం, తిరిగే చోట ఏ కోణంలో ఉందో చెప్పే యాబ్సొల్యూట్ ఎన్‌కోడర్. కంట్రోలర్‌కి ఒక్క అవుట్‌పుట్ కూడా కలపకండి. ఒక నెల పాటు చేత్తోనే ఆడిస్తూ, ప్రదర్శన మొత్తం రికార్డు చేయండి. ఏ కదలిక నిజంగా కంప్యూటర్‌కి ఇవ్వాలో, ఏది చేతిలోనే ఉంచాలో ఆ రికార్డింగే చెబుతుంది. మీ సంగతిలో టర్నింగ్ చేతిలోనే ఉంచుకుంటారని నా అంచనా, ఎందుకంటే జనం ఎటున్నారో చూసి తిరగాల్సింది అదొక్కటే. ఆ రికార్డింగ్‌తో పాటు సిలిండర్ బోర్లు, పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో, తల బరువు ఎంతో ఇక్కడే రాయండి. ఏ సైజు వాల్వులు కావాలో కలిసి లెక్క వేద్దాం.